మసి పూయని ఆకు

అనంతరామయ్య గారు దొంగ రాత రాశారని చోడవరంలో ఎవరితోనైనా అంటే ముందు నవ్వుతారు, ఆ తర్వాత అన్నవాడికే నాలుగు చీవాట్లు పెడతారు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి. బజారులో తూకానికి మించి ఒక వంకాయ ఎక్కువ పడితే తీసి వెనక్కిచ్చే మనిషి. అలాంటాయన కూర్చుని దొంగ తాళపత్రం తయారుచేశాడంటే దానికి కారణం డబ్బు కాదు, పొగడ్త. పొగిడితే పడిపోయే జబ్బు ఆయనకి మొదటినుంచీ ఉంది, మందు కూడా ఎప్పుడూ వాడలేదు.

ఆ పొగడ్త తెచ్చినవాడు సత్యారావు. రోలుగుంట అవతల చెరకు పండించే రైతు. వాళ్ల ఊరి చివర, చెరకు చేల మధ్య ఒక మట్టిదిబ్బ ఉంది. పేరంటాలు దిబ్బ అంటారు. ఎప్పుడో ఒక ఇల్లాలు భర్త చితిలోకి నడిచి వెళ్లి దేవతైపోయిందనీ, ఆ చోటే ఈ దిబ్బ అనీ ఊరి నమ్మకం. ఆవిడ ఎవరింటి కోడలన్నది మాత్రం ఎవరికీ తెలీదు. ఏటా జరిగే సంబరంలో మొదటి ఘటం మా ఇంటినుంచే లేవాలంటే మా ఇంటినుంచేనని సత్యారావు వాళ్లకీ పక్క వీధి వాళ్లకీ ఏళ్లతరబడి తగువు నడుస్తోంది.

"మాస్టారూ, మా అటకమీద తాతలనాటి తాటాకుల కట్ట ఒకటుందండి. సగం పురుగు తినేసింది. సివర్న కొన్ని ఆకులు ఉత్తవే ఉండిపోయేయి," అన్నాడు సత్యారావు, గుడ్డలో చుట్టి తెచ్చిన కట్టని బల్లమీద పెడుతూ. "పేరంటాలు మా ఇంటి కోడలేనని ఆటిమీద రాసి పెట్టండి. గంటం అట్టుకుని రాయడం ఈ సుట్టుపక్కల మీకు తప్ప ఇంకెవులికొచ్చు?"

ఆ చివరి మాటతో పంతులుగారు మునగచెట్టెక్కేశారు.

గంటం పట్టడం ఆయనకి తండ్రి నేర్పాడు. తాటాకుమీద రాయడమంటే సిరాతో రాయడం కాదు. ఇనుప గంటం మొనతో ఆకుని గీరాలి. గీరినప్పుడు ఏమీ కనపడదు. తర్వాత నూనెలో కలిపిన దీపం మసి పూసి తుడిస్తే, ఆ గీతల్లో మసి నిలిచి అక్షరాలు పైకి తేలతాయి. ఎడమచేతి బొటనవేలి గోరు పెంచి, దానికి చిన్న గాటు పెట్టుకుని, గంటాన్ని ఆ గాటులో ఆనించి నడపాలి. అనంతరామయ్య గారు అవన్నీ చేశారు. ఎందుకు గోరు పెంచుతున్నారని భార్య కనకవల్లి అడిగితే వీణ నేర్చుకుంటానని అబద్ధమాడారు. ఆవిడ ముక్కున వేలేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కథ అల్లడం ఆయనకి పెద్ద పని కాదు. కోడలికి అచ్చియ్యమ్మ అని పేరు పెట్టారు. నవ్వుతూ చితిలోకి నడిపించారు. వెళ్తూ వెళ్తూ అత్తింటి వంశాన్ని దీవించేలా చేశారు. పురుగు తిన్న కన్నాలు అడ్డొచ్చిన చోట గంటం ఎత్తి పక్కనుంచి పోనిచ్చారు. ఇంత బాగా రాస్తున్నందుకు మధ్యమధ్య తనని తనే మెచ్చుకున్నారు కూడా.

ఆఖరి ఆకు దగ్గరికొచ్చేసరికి మాత్రం పని మారిపోయింది. పట్టపగలు. కిటికీలోంచి ఎండ నేరుగా బల్లమీద పడుతోంది. ముగింపుగా ఏం రాయాలా అని గంటం ఆనించారో లేదో, చెయ్యి కదలడం మొదలుపెట్టింది. అంతవరకూ ఆకులు పెళుసుగా గంటాన్ని పట్టేసి సతాయించాయి, ఇది వెన్నలా లొంగింది. ఎక్కడినుంచో పచ్చి తాటాకు వాసన, అప్పుడే కోసినట్టు. ఎడమచేతి కిందనుంచి ఎవరో ఆకుని అవతలికి లాగుతున్నట్టనిపించి ఆయన గట్టిగా అదిమిపట్టారు. వాక్యం పూర్తయ్యేసరికి మణికట్టు సలుపుతోంది. ఏం రాశారో మసి పూశాకే చదువుకున్నారు.

'ఈ యింట చిన్న వయస్సున భర్తను పోగొట్టుకున్న కోడలు దిబ్బమీద దీపము పెట్టుకొనుచు ఊరి పొలిమేర దాటక ఉండవలెను.'

ఇలా రాయమని సత్యారావు అడగలేదు. తనూ అనుకోలేదు. అయినా పాతకాలపు కట్టుబాటులా భలే కుదిరిందని, రాత ఊపులో వచ్చేసిందని సరిపెట్టుకున్నారు. చేతికంటిన మసి మాత్రం ఎంత రుద్దినా రెండురోజులదాకా వదల్లేదు.

మాస్టారే చదివి చెప్పారంటూ సత్యారావు కట్టని ఊరి పెద్దల ముందు పెట్టాడని, వాళ్లింట సంబరంకంటే ముందే సంబరం మొదలైందని ఆయనకి కబురు తెలిసింది. ఉబ్బిపోయారు. ఆ ఉబ్బు దేవిశ్రీ వచ్చేదాకానే నిలిచింది.

దేవిశ్రీ సత్యారావు చిన్నకోడలు. ఆమె భర్త సాయికిరణ్ కిందటేడు రావికమతం రోడ్డులో బైకు మీంచి పడి చనిపోయాడు. ఇలాంటి పిల్ల ఒకతె ఆ ఇంట్లో ఉందన్న సంగతే అనంతరామయ్య గారికి తెలీదు. సంబరం సామాన్లు కొనడానికని చోడవరం వచ్చి, ఆమె ఒక్కతే సందు తిరిగి ఆయన గుమ్మంలో నిలబడింది.

"సార్, ఆ ఆకులు మీరే చదివి చెప్పేరంట కదా," అంది. "నేను నర్సింగ్ చేసేను. అనకాపల్లిలో ఆస్పత్రిలో జాబ్ వచ్చింది. మావయ్య వెళ్లమనే అన్నారు. ఇప్పుడు ఆకరి ఆకు చూపించి, పేరంటాలమ్మ మాట దాటితే ఇల్లు నిలబడదంటన్నారు. అందులో ఉన్నది నిజమేనా సార్?"

ఒక్క మాట. 'నేనే రాశానమ్మా' అంటే అయిపోయేది. అనంతరామయ్య గారు నీళ్లు నమిలారు. "ఆకులో ఉన్నది ఉన్నట్టు చదవడమే కదమ్మా మన పని," అన్నారు.

ఆమె ఏడవలేదు. కుడిచేతి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని, "అది చదివిన రోజునుంచి ఈ చెయ్యి సలుపుతోంది సార్. ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు," అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. ఆయన తన మణికట్టు చూసుకున్నారు. ఇంత సిగ్గు ఆయన జీవితంలో ఎప్పుడూ పడలేదు, అయినా ఆమెని వెనక్కి పిలవలేదు.

పక్క వీధి వాళ్లు ఊరుకోలేదు. ఆకులు అసలువో నకిలీవో తేల్చాల్సిందేనని పట్టుపట్టారు. పెద్దలు కట్టని విశాఖలో తాళపత్రాలు పరీక్షించే చోటికి పంపారు. అక్కడ పరీక్షించేది శ్రీరంజని, అనంతరామయ్య గారి ఏకైక కూతురు. తండ్రి దగ్గరే పాత లిపి నేర్చుకుని ఆ ఉద్యోగంలోకి వెళ్లిన పిల్ల. ఇది విన్నప్పుడు ఆయన గుండెల్లో రాయి పడింది. ఆ వెనకే ఒక పాడు ఆశ పుట్టింది. కూతురు పట్టేసుకుంటుంది, నకిలీ అని రాసేస్తుంది, దేవిశ్రీ బయటపడుతుంది, తను నోరు విప్పక్కర్లేదు.

శ్రీరంజని ఆ వారాంతం ఇంటికొచ్చింది. కాఫీ కూడా తాగకుండా ల్యాప్‌టాప్ తెరిచి తండ్రి పక్కన కుర్చీ లాక్కుంది.

"ఆకులు పాతవే నాన్నగారూ. ఆకు వయసుని బట్టి రాత వయసు చెప్పలేం కదా, అందుకని గీత చూస్తాం," అంటూ ఒక ఫోటో పెద్దది చేసింది. "ఇదిగో, అక్షరం అంచులు చూడండి. చితికి, పెచ్చులు లేచిపోయేయి. ఎండి పెళుసైపోయిన ఆకుమీద ఈమధ్య గీరితేనే ఇలా అవుతుంది. ఇంకోటి, ఇక్కడ పురుగు కన్నం. అక్షరం దాన్ని తప్పుకుని పక్కనుంచి వెళ్లింది. కన్నం ముందు, రాత తర్వాత. పేరంటాలు కథ రాసిన ఆకులన్నీ దొంగవే."

అనంతరామయ్య గారు ఊపిరి పీల్చుకున్నారు. "అన్నీనా?"

"ఒక్కటి తప్ప."

ఆ ఫోటో తెరమీదకి రాకముందే ఆయనకి అర్థమైపోయింది.

"ఆఖరిది. అంచులు నున్నగా ఉన్నాయి. ఆకు కొత్తగా, మెత్తగా ఉన్నప్పుడు గీసినవి. పురుగు అక్షరం మధ్యగా తినేసుకుంటూ పోయింది. అంటే ముందు రాత, ఎంతో కాలానికి కన్నం. మన ముత్తాత, ఆయన తండ్రి, వాళ్ల నాటిది అయ్యుండాలి. రాసిన చెయ్యి కూడా మన ఇంటి చెయ్యే, మీరు నాకు నేర్పిన వంపులే. అన్నిటికంటే వింత ఏంటంటే, దానిమీద మసి మాత్రం ఈ ఏడాదిది. ఎప్పుడో చెక్కేరు. మసి పూయకుండా వదిలేసేరు."

"కాదే తల్లీ," అన్నారు ఆయన. "అది నేను... ఆ వాక్యం నాకు గుర్తుంది."

శ్రీరంజని ఆయన ఎడమచెయ్యి అందుకుని బొటనవేలి గోరు తిప్పి చూసింది. గాటు ఇంకా ఉంది. "అమ్మ ఫోన్లో వీణ అంటే అప్పుడే అనుమానం వచ్చింది నాకు," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమూ ఉంది. "మీరు రాయలేదు నాన్నగారూ. దిద్దేరు. కంటికి కనపడని గీతల్లోకి గంటం జారింది. చిన్నపిల్లలు పలకమీద దిద్దుతారే, అలాగ. ఇంకోటి కూడా చూపించాలి."

ఆకు కుడి అంచున, అక్షరాలకి కింద, నాలుగు చిన్న గుర్తులున్నాయి. నెలవంకల్లా పక్కపక్కన. "గోళ్లు. ఆకు మెత్తగా ఉన్నప్పుడు పడ్డవే. చిన్న చెయ్యి, ఆడపిల్లది. ఎవరో ఆ చేతిని ఆకుమీదకి అదిమిపెట్టేరు. ఆ పిల్ల పిడికిలి బిగించింది."

అప్పుడు ఆయనకి తండ్రి మాట గుర్తొచ్చింది. కట్టుబాటు పత్రం రాసినప్పుడు, చెక్కడం వరకే రాయసకాడి పని. మసి మాత్రం ఎవరు కట్టుబడాలో వాళ్లు తమ అరచేత్తో పూయాలి. పూస్తేనే అక్షరం కనపడుతుంది, పూస్తేనే మాట చెల్లుతుంది. రాసినవాడే తొందరపడి పూశాడా, అది రాయసం కాదు, ద్రోహం. గంటం చేతికిచ్చిన మొదటిరోజే తండ్రి చెప్పాడు. ఇన్నేళ్లకి గంటం పట్టిన సంబరంలో అదొక్కటీ మరిచిపోయారు పండితులవారు.

చితిలోకి నవ్వుతూ నడిచిన అచ్చియ్యమ్మ ఎవరూ లేరు. పేరు ఏదో తెలియని ఒక చిన్నపిల్ల ఉంది. తన వంశంలోనే ఎవరో ఈ వాక్యం చెక్కారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మసిలో ముంచబోయారు. ఆమె పూయలేదు. పూయలేదు కాబట్టే ఆ మాట ఎవరి కంటా పడకుండా ఉత్త ఆకులా పడి ఉంది. దానికి ఇప్పుడు తను మసి పూశారు. ఆ పిల్ల పిడికిలి బిగించి ఆపినదాన్ని పొగడ్త కోసం పైకి తేల్చారు. అనంతరామయ్య గారు బల్లమీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

మర్నాడు పొద్దున్నే తండ్రీకూతుళ్లు సత్యారావు ఊరు వెళ్లారు. ఊరంతా బెల్లం కాగుతున్న వాసన. సత్యారావు వాకిట్లో పెద్దలు కుర్చీలు వేసుకుని ఉన్నారు. రిపోర్టూ, దాంతోపాటు తాటాకుల కట్టా వాళ్లకి తిరిగొచ్చాయి. అరుగుమీద సత్యారావు తల్లి సన్యాసమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. సత్యారావు చంకలో బిడ్డగా ఉండగానే భర్త పోయిన మనిషి. చూపు మందగించేదాకా దిబ్బమీద దీపం పెట్టింది ఆవిడే.

అనంతరామయ్య గారు చెప్పులు విడిచి, వాకిట్లో నిలబడే చెప్పేశారు. "ఆ ఆకులు నేనే రాసేను. కథంతా నా కల్పితం. తప్పు చేసేను, క్షమించండి."

పక్క వీధి వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వారు. సత్యారావు నవ్వలేదు, కోప్పడలేదు. "పోతే పోనీయండి మాస్టారూ, ఘటం గొడవ. ఆకరి ఆకు మాటేటి? అది అసలుదేనని మీ అమ్మాయిగారే రాసేరు కదా."

"అక్షరాలు అసలువి," అంది శ్రీరంజని. "మసి కాదు."

ఆయన మసి సంగతి, చేతి సంగతి వివరంగా చెప్పారు. సత్యారావు కళ్లు ఎర్రబడ్డాయి.

"మా సాయిగాడు ఎల్లిపోయేడు. ఈ కోడలు గుంట కూడా ఎల్లిపోతే ఆ గదిలో ఏటి మిగులుతాది మాస్టారూ?" అన్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "మసి తెండి. అప్పటి గుంట పూయనేదు, సరే. ఇప్పుడు మా కోడలు పూస్తాది."

"వద్దు సత్యారావూ," అన్నారు అనంతరామయ్య గారు. ఆయన మాట ఎవరు వింటారు? దొంగ రాత రాసినవాడు.

ఎవరో కొబ్బరిచిప్పలో మసి తెచ్చారు. సత్యారావు ఆకుని అరుగుమీద పరిచాడు. దేవిశ్రీ వెనక్కి వెనక్కి జరుగుతుంటే మణికట్టు పట్టుకుని ముందుకి లాగాడు. చెయ్యి చిప్పలోకి వెళ్లలేదు. ఆమె గింజుకుంటే ఆకుమీదకి జారింది. వేళ్లు ముడుచుకున్నాయి. నాలుగు గోళ్లూ ఆకు అంచున ఆ నాలుగు గుర్తుల్లోకి దిగి కూర్చున్నాయి, కొలిచి చేసినట్టు.

అప్పుడే వాసన వచ్చింది. పచ్చి తాటాకు వాసన. బెల్లం వాసనని తోసేసి వాకిలంతా కమ్మేసింది. ఆ చుట్టుపక్కల తాటిచెట్టన్నది లేదు. కుర్చీల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. శ్రీరంజని తండ్రి భుజం పట్టుకుంది. పక్క వీధి వాళ్ల నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. సత్యారావు మాత్రం చెయ్యి వదల్లేదు. వదలాలని ఉన్నా రావడం లేదన్నట్టు తన వేళ్లకేసి తనే భయంగా చూస్తున్నాడు.

"ఒదుల్రా," అంది సన్యాసమ్మ.

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. తడుముకుంటూ వచ్చి, కొడుకు వేళ్లు ఒక్కొక్కటే దేవిశ్రీ మణికట్టు మీంచి ఊడదీసింది.

"నాకు ఆకు సూపించనేదు, మసీ ఎట్టనేదు. ఉండిపో అన్నారు, ఉండిపోయేను. ఇలాగే అట్టుకున్నారు నా సెయ్యి, మీ తాత, మీ పెదనాన్న. నువ్వు సంకలో ఏడస్తన్నావు, నీ కోసం నోరెత్తనేదు." ఆవిడ దిబ్బ ఉన్న వైపు మొహం తిప్పింది. "దిబ్బకాడ దీపం ఎట్టినప్పుడల్లా ఈ వాసనే ఒచ్చేదిరా నాకు. అమ్మ దీవిస్తందనుకున్నాను. ఏడస్తందని ఇప్పుడు తెలిసింది."

సత్యారావు అరుగుమీద కూలబడిపోయాడు. తల్లిని ఇంతకాలం ఏ ఊరూ తీసుకెళ్లలేదని, అడగాలని కూడా తోచలేదని అతనికి అప్పుడే తట్టినట్టుంది. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

దేవిశ్రీ లోపలికెళ్లి సంచి తెచ్చుకుంది. అదెప్పుడో సర్ది ఉన్నట్టుంది, ఇలా వెళ్లి అలా వచ్చేసింది. మామగారి కాళ్లదగ్గర ఒక్క క్షణం ఆగింది. అతను తలెత్తకుండానే చేత్తో వెళ్లమన్నాడు. వీధిలో చోడవరం వెళ్లే షేర్ ఆటో నిలబడి ఉంది. అనంతరామయ్య గారు ఆమె సంచి అందుకోబోయారు. ఆమె ఇవ్వలేదు. తిట్టనూ లేదు. ఆ తిట్టకపోవడం ఆయనకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఆమె ఆటో ఎక్కి కూర్చున్నాక సన్యాసమ్మ కూడా రోడ్డుదాకా నడిచొచ్చింది. సాగనంపడానికనుకున్నారంతా. ఆవిడ ఆటో కడ్డీ పట్టుకుని, కాలు పైకి పెట్టి, శ్రీరంజని చెయ్యందిస్తే ఎక్కి దేవిశ్రీ పక్కన సర్దుకుని కూర్చుంది.

"మామ్మా, నువ్వెక్కడికి?" అన్నాడు డ్రైవరు.

"ఊళ్ల పేర్లు నాకేటి తెలుసు బాబూ," అంది సన్యాసమ్మ. "ముందు పొలిమేర దాటించు. తర్వాత సెప్తాను."